గుండుసూది చిల్లులు

మా ఆఫీసులో ముప్పై ఏళ్ళుగా ఒక ఆచారం ఉంది. ఉద్యోగం కోసం పెట్టుకున్న దరఖాస్తు ఎవరిదైనా సరే, ఎడమవైపు పైభాగాన దానికొక సిఫారసు ఉత్తరం గుండుసూదితో గుచ్చి ఉంటే బీరువా లోపల పెడతాం. ఉత్తరం లేని దరఖాస్తును తీసుకోరా అంటే, అబ్బే, ఎందుకు తీసుకోం! తీసుకుని బీరువా పైన పెడతాం. మీద పడే వాననీళ్ళు, తిరిగే బల్లులు, పట్టే చెదలు కలిసి దానిమీద తగు చర్య తీసుకుంటాయి.

నా పేరు పానకాలరావు. జిల్లా వసతిగృహ నియామకాల మండలిలో సీనియర్ అసిస్టెంటుని. హాస్టళ్ళకు వంటవాళ్ళనీ వాచ్‌మన్లనీ వేసేది మేమే. నేను సత్యహరిశ్చంద్రుణ్ణని చెప్పను. ఎవరికీ అన్యాయం చేయమని నోటితో చెప్పలేదు, చేయమన్న కాగితం మాత్రం చక్కటి భాషలో రాసిపెట్టాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో అంతకన్నా ధైర్యం చేసిన గుర్తు లేదు.

పోయినేడు మా మండలి 'సమదృష్టి' అనే కృత్రిమ మేధ యంత్రాన్ని కొంది. ఇకమీదట మనుషుల్ని మనుషులు ఎంపిక చేయరనీ, యంత్రమే చేస్తుందనీ, దానికి బావమరుదులు లేరు కనక తప్పు చేయదనీ సభ పెట్టి మరీ చెప్పారు. హైదరాబాదు నుంచి రిత్విక్ అనే కన్సల్టెంటు వచ్చాడు. "మీ పాత ఫైళ్ళన్నీ ఇవ్వండి సార్. ఇన్నేళ్ళూ మీరెవర్ని తీసుకున్నారో, ఎవర్ని తీసుకోలేదో చూసి అదే నేర్చేసుకుంటుంది" అన్నాడు. ఇన్నేళ్ళూ మేమెవర్ని తీసుకున్నామో నాకు తెలుసు మరి. అయినా అడిగింది ఇవ్వడం గుమస్తా ధర్మం కాబట్టి అటెండరు కాశింసా, నేను రెండు నెలలు కూర్చుని బీరువా లోపలివీ పైనవీ అన్నీ స్కాన్ చేసి యంత్రానికి మేపాం.

యంత్రం బుద్ధిమంతురాలు. గురువుల పేరు నిలబెట్టింది. మొదటి విడతలో నలభై మంది వంటవాళ్ళను ఎంపిక చేస్తే ముప్పై ఎనిమిది మంది ఊళ్ళో రెండు వీధుల వాళ్ళే. ఊరవతలి దళితుల కాలనీ నుంచి పెట్టుకున్న వాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు లేరు. ఎవరో పేపరుకెక్కించారు. రిత్విక్ కంగారుపడి ఒకే దరఖాస్తును ఇంటిపేరు మాత్రం మార్చి రెండుసార్లు పెట్టి చూశాడు. ఒకటి పాసయింది, రెండోది తప్పింది.

మా డైరెక్టరు త్రివిక్రమం గారు ఈ సంగతి విని అరగంట కళ్ళు మూసుకున్నారు. ఆయన కళ్ళు మూసుకున్నారంటే ఆలోచిస్తున్నారని అర్థం, నిద్రపోతున్నారని అనుకున్నవాళ్ళు బదిలీ అయిపోయారు.

"యంత్రానికి కులం ఉందా?" అన్నారు కళ్ళు తెరిచి.

"లేదండీ" అన్నాను.

"మతం?"

"లేదండీ."

"అంటే దోషం యంత్రంలో లేదు. దరఖాస్తుదారుల్లో ఉంది. వాళ్ళు తమ కులమతాలతో సహా దరఖాస్తులోకి ప్రవేశిస్తున్నారు. తద్ద్వారా ఒక నిర్మలమైన యంత్రం కలుషితమవుతోంది."

సరిగ్గా ఆ వారమే పైనుంచి కొత్త నిబంధన ఒకటి దిగింది. వివక్ష కూడదన్న చట్టాన్నీ, సొంత వివరాలు బయటపెట్టకూడదన్న చట్టాన్నీ ముడివేసి ఎవరో పుణ్యాత్ములు రాశారు. ఒక మనిషి గురించి నిర్ణయం చేసేవారు, వివక్షకు దారితీయగల ఏ సంగతీ ఆ మనిషి గురించి తెలుసుకోరాదు. తెలుసుకుంటే శిక్ష. రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే కావచ్చు, మా ఆఫీసు గడప దాటేదాకా ఏ ఉద్దేశమైనా మంచిదే.

అప్పటికి బాలికల హాస్టల్లో ఒక్క పర్మినెంటు వంటమనిషి పోస్టు ఖాళీగా ఉంది. మూడొందల పన్నెండు దరఖాస్తులు వచ్చాయి. అందులో ఒకటి పల్లెపోగు ఎస్తేరమ్మది.

ఎస్తేరమ్మ సంగతి చెప్పాలి. ఆరేళ్ళ కిందట అదే హాస్టల్లో రోజుకూలీ మీద వంటకు చేరింది. చేరిన మూడో నెలలో ఇద్దరు పిల్లల తండ్రులు వచ్చి, కాలనీ మనిషి వండితే మా పిల్లలు తినరన్నారు. తినం అని పిల్లలు అనలేదు, వాళ్ళు మారు వడ్డించుకుని తింటున్నారు. అయినా అప్పటి డైరెక్టరు ఆమెను వంట మాన్పించి గిన్నెలు తోమే పనిలో వేశాడు. 'పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా పాత్రల విభాగమునకు మార్చడమైనది' అన్న వాక్యం నాదే. కొత్తగా వచ్చిన వంటాయన మూడు వారాల్లో పారిపోయాడు. నూట పదిమంది ఆడపిల్లలు కంచాలు వాయిస్తూ కూర్చుంటే వార్డెనమ్మ వెళ్ళి ఎస్తేరమ్మనే బతిమాలింది. ఆనాటి నుంచి వండేది ఆమే. కాగితం మీద మాత్రం ఆమె గిన్నెలు తోముతోంది, హాస్టల్ రిజిస్టరులో 'వంట చేసినవారు' అన్న గడి ఆరేళ్ళుగా ఖాళీ. నెలకోసారి సరుకు తనిఖీకి వెళ్ళినప్పుడల్లా నేనూ అక్కడే భోంచేసేవాణ్ణి. ఆమె పప్పుచారు పోసుకుంటే చేతికి అంటిన వాసన కడుక్కోబుద్ధి కాదు.

"నాకు డబ్బు మాటొద్దయ్యా" అంది దరఖాస్తు ఇచ్చిన రోజు. "వంటమనిషి ఎస్తేరమ్మ అని ఆ పుస్తకంలో ఒక్క అచ్చరం ముక్క రాయించు. వండేది నేనైతే తోమేదాన్నని రాసుకుంటారేందయ్యా? ఆరేళ్ళ బట్టీ అదే దిగులు నాకు."

దరఖాస్తుకు నాలుగు మూలలా పసుపు లేదు, పైన చిన్న సిలువ గుర్తు ఉంది. సిఫారసు ఉత్తరం లేదు. "ఎవరి చేతనైనా ఓ ముక్క రాయించుకు రాకపోయావా?" అన్నాను.

"నూట పదిమంది పిల్లల్ని రాయమంటే రాస్తారు. పనికొస్తదా?"

పనికిరాదని చెప్పాను.

ఇక శుద్ధి మొదలైంది. మొదట పేర్లు. కాశింసా రెండు డజన్ల వైట్‌నర్ సీసాలు తెచ్చి మూడొందల పన్నెండు పేర్లూ తుడిచేశాడు. యంత్రం వీధి పేరు చూసి మళ్ళీ ఆ రెండు వీధుల వాళ్ళనే పైకి తెచ్చింది. వీధులు తుడిచాం. రేషను షాపు నంబరు పట్టుకుంది. అది తుడిస్తే చదివిన బడి పట్టుకుంది. కొందరు మూలలకు పసుపు రాశారు, కొందరు పైన 786 వేశారు, కొందరు సిలువ. అవన్నీ తుడిచాం. 'ఏమేమి వండగలరు?' అన్న గడిలో ఒకరు ముద్దపప్పు అనీ ఒకరు నెత్తళ్ళ చేపల పులుసు అనీ రాశారు. యంత్రం ఆ రెండింటినీ చూసి ఎవరెవరో ఇట్టే కనిపెట్టేసింది. మా ఆఫీసులో కూర్చుని మేం చేసే పని కూడా అదే కనక దాన్ని తప్పుపట్టడానికి నోరు రాలేదు.

"ఆ గడి మొత్తం తొలగించండి" అన్నారు డైరెక్టరు గారు.

"సార్, అది వంట ఉద్యోగం" అన్నాడు రిత్విక్ నెమ్మదిగా.

"వంట వచ్చినవారిని కోరుకోవడం వంట రానివారి పట్ల వివక్ష. అనుభవమున్న వారిని కోరుకోవడం అనుభవం లేని వారి పట్ల వివక్ష. పైగా ఒక స్త్రీకి వంట వచ్చునా రాదా అన్నది ఆమె పూర్తి వ్యక్తిగత విషయం. అందులో తలదూర్చడానికి మనమెవరం?"

రిత్విక్ ఆ గడి తీసేశాడు. వాడి కాంట్రాక్టు పొడిగింపు కాగితం సారు టేబుల్ మీదే ఉంది.

ఆ మధ్యలోనే ఒకరోజు ఎస్తేరమ్మ ఆఫీసుకొచ్చింది. అప్పటికి మా గదుల ముందు నల్ల తెరలు కట్టారు. దరఖాస్తుదారుల మొహాలు మేం చూడకూడదు, వాళ్ళ గొంతు గుర్తుపట్టకూడదు. తెరకు ఇవతల నేను, అవతల ఆమె. నా వెనకే డైరెక్టరు గారు నిలబడి నిబంధన అమలవుతోందో లేదో చూస్తున్నారు.

"పానకాలయ్యా, నా కాయితం ఎందాకా వచ్చింది?"

"తమరెవరు?" అన్నాను.

తెర అవతల చెప్పులు ఒక అడుగు దగ్గరికొచ్చాయి.

"ఎస్తేరమ్మనయ్యా. హాస్టలు ఎస్తేరమ్మని."

"పేరు చెప్పరాదు."

"చెప్పకపోతే ఎట్టా తెలిసిద్ది?"

"తెలియకూడదు."

"పోయిన్నెల నా చేతి కూడు తినిపోయావు గదయ్యా. మజ్జిగ బాగుందని ఇంకో గలాసు పోయించుకున్నావు. నన్నెరగవా?"

డైరెక్టరు గారి దగ్గు వినిపించింది. "ఎరగను" అన్నాను. ఆమె చెప్పులు టపటపమంటూ వరండా దాటి వెళ్ళిపోయాయి. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మా ఆవిడ గ్యాసు అనుకుని సోడా కలిపి ఇచ్చింది.

తుడవగా తుడవగా ఆఖరికి వారం తిరిగేసరికి దరఖాస్తుల్లో అక్షరం మిగల్లేదు. మూడొందల పన్నెండు తెల్ల కాగితాలు. చివరగా, జతపరిచిన సిఫారసు ఉత్తరాలను కూడా తీసేయమన్నారు. గుండుసూదులన్నీ నా చేత్తోనే ఊడదీసి డబ్బాలో వేశాను. ఉత్తరాలను ఏం చేయమంటారని అడిగితే, అవి ప్రముఖుల సంతకాలున్నవి కాబట్టి లామినేషన్ చేయించి బీరువాలో భద్రపరచమన్నారు.

"ఇంక యంత్రం చూడ్డానికి ఏం మిగిలింది సార్?" అన్నాడు రిత్విక్.

"సమానత్వం మిగిలింది" అన్నారు త్రివిక్రమం గారు, కళ్ళు చెమర్చగా.

ఎంపిక పండుగలా జరిగింది. మండలి చైర్మన్ గారు వచ్చి యంత్రానికి కొబ్బరికాయ కొట్టారు. దాని నుదుట బొట్టు పెట్టబోతే మతం వస్తుందని ఆపేశారు. పేపరు వాళ్ళు ఫోటోలు తీశారు. కాశింసా ఒక్కొక్క తెల్ల కాగితాన్నే అందిస్తుంటే యంత్రం నింపాదిగా మింగింది. గంట తర్వాత ఒక తెల్ల కాగితాన్ని బయటికి తోసి, ఇదే ప్రథమురాలు అంది. చప్పట్లు కొట్టాం.

ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు అందరం కొట్టాం గానీ, ఆ కాగితం ఎవరిదో ఎవరికీ తెలియదు. తెలుసుకోవడం నేరం. డైరెక్టరు గారు దీనికీ ఉపాయం కనిపెట్టారు. మర్నాడు అభ్యర్థులందరూ వరసలో వచ్చి, తామెవరో చెప్పకుండా, తమ కాగితాన్ని తామే గుర్తుపట్టాలి. గుర్తుపట్టిన వారిదే ఉద్యోగం. ఎంపిక యంత్రం చేసేసింది కనక ఇక మొహాలు కనబడినా ఫరవాలేదని నల్ల తెరలు పక్కకు తీయించారు.

పొద్దున్నుంచీ ఆడవాళ్ళు ఆ తెల్ల కాగితం ముందు నిలబడి తలలు గోక్కుని వెళ్ళారు. పదకొండు గంటలకు పట్టుచీర కట్టుకున్న ఒకావిడ కారు దిగింది. ఆమె చైర్మన్ గారి మరదలు. నాకీ సంగతి తెలియకూడదు కనక తెలియనట్టే రాస్తున్నాను. ఆవిడ కాగితాన్ని చూడను కూడా చూడకుండా అంది:

"నా కాగితానికి ఎడమవైపు పైన మూడు గుండుసూది చిల్లులుండాలి. ఎమ్మెల్యేగారి ఉత్తరానికొకటి, మా బావగారి ఉత్తరానికొకటి, స్వామీజీ ఉత్తరానికొకటి."

డైరెక్టరు గారు కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టారు. మూడు చిల్లుల్లోంచి మూడు సన్నటి వెలుగు చుక్కలు ఆయన మొహం మీద పడ్డాయి.

నేను గబగబా మిగతా కాగితాలు తిరగేశాను. యంత్రం పేర్చిన వరస ప్రకారం మూడు చిల్లులు మొదట, ఆ తర్వాత రెండు చిల్లులవి, ఆ తర్వాత ఒక చిల్లువి, అడుగున చిల్లు లేనివి. ముప్పై ఏళ్ళ మా ఆచారాన్ని అది అక్షరం పొల్లుపోకుండా, అసలు అక్షరమే లేకుండా పాటించింది. ఉండబట్టలేక డైరెక్టరు గారికి చూపించాను.

"పానకాలరావూ, చిల్లు అంటే ఏమిటి?"

"కన్నమండీ."

"అనగా కాగితం లేకపోవడం. లేనిది వ్యక్తిగత సమాచారం ఎలా అవుతుంది? ఉన్నదాన్ని తుడవగలం గానీ లేనిదాన్ని ఎలా తుడుస్తాం?"

రిత్విక్ మాత్రం, ఎందుకిలా ఎంచావని యంత్రాన్నే అడుగుదామని కంపెనీకి రాశాడు. సాయంత్రానికల్లా జవాబొచ్చింది. సమదృష్టి మనసులో ఏముందన్నది కంపెనీ రహస్యమట, దాని గోప్యతకు భంగం కలిగిస్తే కోర్టుకు లాగుతారట. ఈ దేశంలో గోప్యత ఎవరికైనా పూర్తిగా దక్కిందంటే ఆ యంత్రానికే దక్కింది.

ఆ పొద్దున వరసలో ఎస్తేరమ్మ కూడా ఉంది. "నాది ఏదయ్యా?" అంది నాతో. అడుగునున్న తెల్ల కాగితాలు చూపించాను. "అన్నీ ఒకే రకం. గుర్తుపట్టలేవు" అన్నాను. ఆమె పైకాగితాన్నొకసారి, పట్టుచీరనొకసారి చూసింది. "బొక్క పెట్టినోళ్ళకు కొలువా! బాగుందయ్యా మీ గవర్నమెంటు" అనేసి చరచరా వెళ్ళిపోయింది.

కొత్త వంటావిడ చేరిన రోజు వంటగది గుమ్మం దాకా వచ్చి, పొగ పడదని కారెక్కింది. మరి ఆ పూట నూట పదిమందికి వండింది ఎవరంటారా? ఇంకెవరు!

పది రోజులకు డైరెక్టరు గారు పేపరు వాళ్ళను వెంటబెట్టుకుని హాస్టలుకు బయల్దేరారు. దేశంలోనే తొలిసారిగా ఏ వివక్షా లేకుండా ఎంపికైన మనిషి వంట రుచి చూపిస్తానన్నారు. చైర్మన్ గారు, రిత్విక్, నేను కూడా వెళ్ళాం. మధ్యాహ్నం ఒంటిగంట. హాల్లో కూర్చున్నాం, మా ముందు స్టీలు కంచాలు పెట్టారు. తళతళా మెరుస్తున్నాయి. అంతే. గంట గడిచినా వాటిలో మెతుకు పడలేదు. పిల్లలు ద్వారం దగ్గర గుంపుగా నిలబడి, చున్నీలు నోటికడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

"భోజనం ఎక్కడ?" అన్నారు డైరెక్టరు గారు వార్డెనమ్మతో. వార్డెనమ్మ వంటగది వైపు చూసింది. ఎస్తేరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"పిల్లలకు పన్నెండింటికే పెట్టేశానయ్యా, వాళ్ళనెట్టా మాడుస్తా? ఇక తమరి సంగతంటారా, కాయితం మీద నేను గిన్నెలు తోమేదాన్ని. తోమాను. చూసుకోండి, మీ కాయితాల మాదిరి ఎక్కడా మచ్చ లేదు. వండే ఆమె ఇంకా కారు దిగలేదు."

కెమెరాలు ఆమె వైపు తిరిగాయి. డైరెక్టరు గారి మొహం కందగడ్డయింది. "ఎవరమ్మా నువ్వు? ఏం పేరు?"

"తమరికి తెలియగూడదు గదయ్యా" అంది ఎస్తేరమ్మ.

పిల్లల నవ్వు హాలంతా మోగిపోయింది. పేపరు వాళ్ళలో ఒకడు కంచం మీద వేళ్ళతో దరువేశాడు. డైరెక్టరు గారు లేచి, చైర్మన్ గారితో, "హోటల్‌కి పోదాం పదండి, షుగరు పడిపోతోంది" అన్నారు.

వెళ్ళేముందు తనిఖీ రిజిస్టరులో సంతకం కావాలి. వార్డెనమ్మ రిజిస్టరు నా చేతికిచ్చింది. 'వంట చేసినవారు' అన్న గడి ఎప్పటిలాగే ఖాళీ. ఎస్తేరమ్మను గిన్నెల్లోకి నెట్టిన వాక్యం రాసిన చెయ్యి ఇదే కదా అనిపించింది, సిగ్గేసింది. జేబులోంచి పెన్ను తీసి, ఆ గడిలో 'పల్లెపోగు ఎస్తేరమ్మ, వంటమనిషి, ఆరేళ్ళుగా' అని రాశాను. కింద సంతకం చోట వేలు పెట్టి డైరెక్టరు గారికి చూపించాను. వేలు ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టడం త్రివిక్రమం గారి అలవాటు. ఆకలి మీదున్నారేమో, చదవకుండా బరికేసి మండలి ముద్ర కూడా కొట్టించారు.

సంగతి బయటపడ్డానికి నాలుగు రోజులు పట్టింది. ఒక వ్యక్తి పేరును, ఆ వ్యక్తి చేసే పనిని, ఆ పని చేసే చోటనే బహిరంగంగా వెల్లడించిన ఘోర నేరానికి ఒక ఉద్యోగి మీద ఛార్జిమెమో తయారైంది. నిబంధన ప్రకారం మెమోలో ఆ ఉద్యోగి పేరు, హోదా, సెక్షను వైట్‌నర్‌తో తుడిచారు. కాశింసా దాన్ని పట్టుకుని ఎవరికివ్వాలో తెలియక టేబుల్ టేబుల్‌కీ తిరుగుతున్నాడు. నా టేబుల్ మీదికి ఇప్పటికి మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ 'సంబంధిత వ్యక్తికి అందజేయగలరు' అని రాసి పంపేశాను.

ఎస్తేరమ్మకు పోస్టు ఇంకా రాలేదు. రిజిస్టరులోని ఆ పేజీని జిరాక్సు తీయించి బైబిల్లో పెట్టుకుంది. లాయరు దాన్ని చూసి, ముద్రతో సహా ఉంది, కోర్టుకు ఇదొక్కటి చాలన్నాడట. కేసు వేసింది.

ఈ నెల సరుకు తనిఖీకి వెళ్ళాను. లెక్క చూసుకుని, వంటగది వైపు వెళ్ళడానికి మొహం చెల్లక గేటు వైపు నడిచాను. వెనక నుంచి కేక వినిపించింది.

"ఎవరయ్యా అది? తినకుండానే పోతన్నావు?"

తిరిగి చూశాను. గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడింది.

"నేనే ఎస్తేరమ్మా, పానకాలరావుని" అన్నాను.

"నేనెరగను" అంది. లోపలికి వెళ్ళి, కంచం తెచ్చి నేల మీద పెట్టి, వేడివేడిగా అన్నం వడ్డించింది. "నువ్వెవరైతే నాకేందిలే. ఆకలిగా ఉందా లేదా? కూర్చో."